కూనూరు హారతి

నవంబరు 18

మళ్ళీ గ్లాసు పిట్టగోడ మీదే వదిలేశారు. మజ్జిగ తాగిన గ్లాసు, అడుగున కరివేపాకు అంటుకుని ఉంది. చెయ్యి చాపితే పంపు, తిప్పితే నీళ్ళు. కానీ గోపాలరాజు గారు కదా, వంగితే నడుం పట్టేస్తుంది.

తాగే రోజుల్లో మాత్రం తన గ్లాసు తనే కడుక్కునేవారు. తిన్న కంచం పక్కకి జరపడం కూడా తెలియని మనిషి, గ్లాసు సబ్బేసి తోమి, తుడిచి, బోర్లించి మరీ వెళ్ళేవారు. మొదట్లో మురిసిపోయాను. మా ఆయనకి ఇంటిపని మీద ధ్యాస కలిగిందని మా తోడికోడలు మంజుషతో గొప్పగా చెప్పుకున్నాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ తర్వాత ఏ గ్లాసు తళతళలాడుతుంటే ఆ గ్లాసులోనే తాగారని అర్థమయ్యేది.

శివరాత్రి ముందురోజు కారుతో సహా కాలవలోకి దిగిపోయాక మానేశారు. "ఇంకొక్క చుక్క పడితే నా దగ్గరికి తీసుకురావద్దండి, ఉపయోగం ఉండదు" అన్నాడు డాక్టరు. అప్పటినుంచి ముట్టలేదు. నాకు తెలిసి ముట్టలేదు.

గ్లాసు వాసన నేను చూడలేదు. కడగడానికి తీస్తుంటే ముక్కుకి తగిలిందంతే. మజ్జిగే.

నవంబరు 20

మజ్జిగే.

నవంబరు 23

మా ఐసు ఫ్యాక్టరీకి ఫోన్ చేశాను. ఆకివీడు వైపు రొయ్యల పట్టుబడులు జోరుగా ఉన్నాయి కదా, లోడు వెళ్ళిందో లేదో కనుక్కుందామని. మెషిన్లు చూసే చంద్రరావు ఎత్తాడు.

"ఆయ్, చెప్పండమ్మగారూ."

"ఆకివీడు లోడు వెళ్ళిందా చంద్రరావూ?"

"వెళ్ళిందండి. రాజుగారే దగ్గరుండి ఎక్కించారండి."

"దగ్గరుండా? బాగానే ఉన్నారా?"

"బాగున్నారండి. నిన్న కూడా బాగున్నారండి. మొన్న కూడానండి."

చంద్రరావుకి నేనంటే వేళాకోళమైపోయింది. ఐసు గురించి అడిగితే మనిషి గురించి చెబుతాడు. నేను ఐసు గురించే అడిగాను.

నవంబరు 27

ఏడింటికల్లా వచ్చే మనిషి తొమ్మిదయినా రాలేదు. ఫోన్ ఎత్తలేదు. నేను గుమ్మంలో నిలబడలేదు, తులసికోట దగ్గర దీపం కొండెక్కిందేమో చూడ్డానికి వెళ్ళానంతే. ఓ పది సార్లు వెళ్ళి ఉంటాను.

వచ్చారు. వన భోజనాలకి పిలిస్తే మొహమాటపడి ఆగానన్నారు. నోట్లో యాలకుల వాసన.

ఆ రోజుల్లో జేబులో యాలకులు లేకుండా గడప దాటేవారు కాదు. అందుకే మా ఇంట్లో యాలకులు కొనడం మానేశాను. ఈ మధ్య మా పరమాన్నం తిన్నవాళ్ళు ఏదో తక్కువైందంటారు, ఏం తక్కువైందో నేను చెప్పను.

"ఒళ్ళు వెచ్చగా ఉన్నట్టుందండీ" అని దగ్గరికి వెళ్ళి నుదుటి మీద చెయ్యి వేశాను. ఆయన కదలకుండా నిలబడి, అడక్కుండానే నోరు తెరిచి "హా" అని ఊపిరి వదిలారు. చిన్నపిల్లాడు డాక్టరు ముందు నాలుక చాపినట్టు.

"చక్కెరపొంగలి" అన్నారు. "యాలకులు దండిగా వేశారు."

సిగ్గేసింది. సిగ్గేసినంత మాత్రాన నమ్మకం రాదు. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతానికి రెండు పూటలా అన్నం పెట్టి పెంచుతున్నదాన్ని నేను. నమ్మి చెడినవారు లేరని కూడా అంటారు. ఆ మాట అన్నావిడ మొగుడు తాగుబోతు అయ్యుండడు.

డిసెంబరు 2

పోలి పాడ్యమి. చీకటితోనే కాలవ రేవుకి వెళ్ళి అరటిదొప్పల్లో దీపాలు వదిలాను. గాలికి రెండు ఆరిపోయాయి, మిగిలినవి వంతెన దాకా వెళ్ళాయి. ఆయన టార్చి పట్టుకుని కూడా వచ్చారు. పెళ్ళయ్యాక ఏ పోలి పాడ్యమికీ ఆ వేళకి లేచిన పాపాన పోలేదు.

తిరిగి వస్తుంటే చెప్పారు, పెళ్ళిరోజుకి కూనూరు టిక్కెట్లు తీయించానని. "ఆ పాత బంగళాకే. ఇంకా నడుస్తోందట. ఈసారి ఆ మంట తిందాం నీలవేణీ."

గుర్తుంది ఆయనకి. నాకు మరీ గుర్తుంది.

పెళ్ళయిన కొత్తలో ఊటీ వెళ్తూ కూనూరులో దిగాం. ఎప్పుడో దొరలు కట్టుకున్న బంగళా, హోటల్ చేశారు. రాత్రి భోజనాల హాల్లో మా పక్క బల్ల దగ్గర ఓ ముసలి జంట కూర్చున్నారు. ఉన్నట్టుండి దీపాలు తగ్గించారు. ఎవరో చిన్న గంట కొట్టారు. తెల్లబట్టల మనిషి రెండు చేతులతో పళ్ళెంలో నీలం మంట పట్టుకుని వాళ్ళ వైపు వస్తున్నాడు. కర్పూరం వెలిగినట్టే ఉంది. నాకేం తెలుసు? కాళ్ళ చెప్పులు విడిచి లేచి నిలబడ్డాను. పక్కనుంచి వెళ్తున్న మంట మీద రెండు చేతులూ చాచి కళ్ళకద్దుకున్నాను.

హాలంతా గొల్లుమంది. భూమి చీలితే బాగుండునని తలొంచుకున్నాను. అప్పుడు కుర్చీ జరిగిన చప్పుడైంది. ఈయన లేచి, ఆ మనిషిని ఆపి, తనూ చేతులు చాచి హారతి తీసుకున్నారు. ఎంతో భక్తిగా, కళ్ళు మూసుకుని. నవ్వులు ఆగిపోయాయి. పెళ్ళి పందిట్లో కాదు, ఆ నిమిషంలోనే ఆయన నా మొగుడయ్యారు.

తర్వాత ఆ తెల్లబట్టల మనిషి మాకూ తెమ్మంటారా అని అడిగాడు. అది దేవుడి పళ్ళెం కాదు, తినే స్వీటు అని అప్పుడు తెలిసింది. మంట దేంతో వస్తుందని ఈయన అడిగారు. బ్రాందీ అన్నాడు.

"అమ్మో, మనకొద్దండి. మా ఇంటా వంటా లేదు" అన్నారు గోపాలరాజు గారు.

డిసెంబరు 3

ఆ మంట దేంతో వస్తుందో ఆయనకి గుర్తులేదా? గుర్తుండే తిందామంటున్నారా?

డిసెంబరు 5

విశాఖలో ఉన్న మా అమ్మాయి నాగశ్రీకి ఫోన్ చేసి, ఊరికే అడిగినట్టు అడిగాను. "మంట వచ్చిందంటే ఆల్కహాల్ అంతా కాలిపోయినట్టేగా అమ్మా" అంది. హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

అరగంటకి తనే చేసింది. "అమ్మా, నెట్‌లో చూశాను. అంతా పోదట. చాలానే మిగులుతుందట. ఎందుకు అడిగావ్? నాన్న బాగానే ఉన్నారా?"

"బాగానే ఉన్నారమ్మా. నిన్న కూడా బాగున్నారు" అన్నాను. చంద్రరావులాగా.

డిసెంబరు 6

మోకాళ్ళు నొప్పులుగా ఉన్నాయి, కొండలెక్కలేను, టిక్కెట్లు రద్దు చేయించండి అన్నాను.

"సరే" అన్నారు. వెళ్ళి పిట్టగోడ మీద కూర్చున్నారు. కాలవలోంచి తీసినప్పుడు కూడా ఆ మొహం అంత వాడిపోయి లేదు.

నొప్పి తగ్గింది, వెళ్దాం లెండి అన్నాను. ఎవరికోసం అన్నానో నాకే తెలియడం లేదు. ఆయన్ని అడిగేస్తే పోయేది, "తినాలనుందా, తాగాలనుందా" అని. అడిగాక ఆయనేం చెప్పినా నమ్మను కదా, ఇంక అడగడం దేనికి?

డిసెంబరు 9

రైలు. ఆయన గుర్రుపెట్టాక పడుకుందామని చూశాను. ఆయన గుర్రుపెట్టారు. నేను పడుకోలేదు.

డిసెంబరు 10

కూనూరు. బంగళా అప్పటిలాగే ఉంది. చెక్క నేల మీద అడుగేస్తే కిర్రుమంటుంది. గదిలో చలిమంట గూడు, మంచం మీద దుప్పట్ల కింద వేడినీళ్ళ సంచి. భోజనానికి ఇప్పటికీ గంట కొట్టే పిలుస్తున్నారు. గోడల నిండా చనిపోయిన దొరల ఫొటోలు, ఒక్కడూ నవ్వడు. కాఫీ మాత్రం బాగుంది, ఆ మాట చెప్పుకోవాలి.

భోజనాల హాలుకి పక్కనే బారు. అద్దాల తలుపులు, లోపల వరసగా సీసాలు, వాటి వెనక దీపాలు. దేవుడి గదికి కూడా అంత అలంకారం చెయ్యరు. మాకిచ్చిన గది దానికి ఎదురుగా ఉంది. చలిగాలి తగులుతోందని చెప్పి వెనకవైపు గది మార్పించాను. ఆయన నా వంక చూసి పెట్టెలు మోశారు.

సాయంత్రం అలా నడిచొస్తానని ఒక్కరే వెళ్ళారు. కిటికీ దగ్గర కూర్చుని తేయాకు తోటలు చూశాను. తోటలేనా? పచ్చగా ఉంటాయనుకుంటా. రోడ్డు మలుపు మాత్రం కళ్ళకు కట్టినట్టు చెప్పగలను.

కమలాపళ్ళు పట్టుకొచ్చారు. ఒకటి ఒలిచి నా చేతిలో పెట్టారు. తొక్క వాసన తప్ప ఇంకే వాసనా లేదు.

డిసెంబరు 12, పొద్దున్న

నిన్న రాత్రి సంగతి మర్చిపోకముందే రాయాలి. మర్చిపోతానని కాదు. రాస్తే గానీ నాకే నమ్మకం కలగదు.

గంట కొట్టారు. నేను పెళ్ళిరోజని తెచ్చుకున్న మామిడిచిగురు రంగు పట్టుచీర కట్టుకుని, దాని మీద స్వెట్టరేసుకున్నాను. మా భీమవరంలో ఎవరైనా చూస్తే నవ్విపోదురు. హాల్లో మాతో కలిపి నాలుగే కుటుంబాలు. సూపు తాగాం, ఏదో తిన్నాం. ఏం తిన్నానో గుర్తులేదు. వడ్డించే పెద్దాయన స్వీటు సంగతి అడిగేసరికి ఈయన కార్డు చూడకుండానే చెప్పేశారు.

"ఆ మంట పెట్టేది ఉంటుంది కదండీ, అది. ఒకటి చాలు."

"వద్దండీ" అన్నాను. "ఐస్‌క్రీం తిందామండీ."

"ఐసు మనింట్లో లేదా?" అన్నారు.

నాకు నవ్వు రాలేదు.

చక్రాల బల్ల తోసుకొచ్చి మా పక్కనే ఆపారు. చిన్న పొయ్యి, ఇత్తడి మూకుడు. వెన్న వేశారు, పంచదార వేశారు, అది కరిగి తేనె రంగుకి వచ్చింది. అరటిపళ్ళు నిలువుగా చీల్చి అందులో పడుకోబెట్టారు. మన చక్రకేళి కాదు, ఏదో పొట్టి కొండ అరటి. కమలాపండు పిండారు. అంతవరకు పేరంటానికి పిలిచినట్టే ఉంది. అప్పుడు సీసా మూత తీశారు.

ఆ వాసన. నాకది కూనూరులో కొత్తగా పరిచయమైన వాసన కాదు. మా దిండు గలీబుల వాసన, కారు సీటు వాసన, నాగశ్రీ పరీక్షలు రాసిన ఏడాది మా ఇంటి వాసన.

దీపాలు తగ్గించారు. పెద్దాయన మూకుడు కొంచెం వంచారు, భగ్గుమని లేచింది. నీలంగా, అంచుల్లో పసుపుగా. ఎంత అందంగా ఉందో రాయడానికి నాకు కష్టంగా ఉంది. నేను మంటని సరిగ్గా చూడను కూడా లేదు. బల్ల మీద ఆయన చేతులే చూస్తున్నాను, అవి ఎటు కదులుతాయోనని.

అవి కదిలాయి. రెండూ చాచి, మంట సెగకి చూపి, కళ్ళకద్దుకున్నారు.

"తీసుకో నీలవేణీ."

"దేనికండీ హారతి? ఇదేం దేవుడని?" అన్నాను. గట్టిగానే అన్నాను.

"వచ్చినప్పుడే ఇస్తామా హారతి? పంపించేటప్పుడు ఇవ్వమూ? నిమజ్జనానికి తీసుకెళ్ళేముందు వినాయకుడికి ఇవ్వవూ?"

"వినాయకుడు మళ్ళీ ఏడాది వస్తాడండి" అన్నాను.

అనకూడని మాటే. నోరు జారిందని చెప్పను, కావాలనే అన్నాను. మంట తగ్గుతోంది.

"వస్తాడు" అన్నారు. "ఏడాదికోసారి కాదు. రోజూ సాయంత్రం ఆరయ్యేసరికి వస్తాడు. రోజూ పంపించేస్తున్నాను. రేపటి సంగతి నాకూ తెలీదు."

ఇన్నాళ్ళలో ఆయన నోటివెంట నేను విన్న మాటలన్నిట్లోకీ అదొక్కటే నమ్మాలనిపించింది. "ఇంక జన్మలో ముట్టను" అని ఎన్ని ఒట్లు వేశారో, నా తల మీద, నాగశ్రీ తల మీద, మా ఊరి అమ్మవారు మావుళ్ళమ్మ మీద. ఏదీ నమ్మలేదు. తెలీదు అన్నారు, నమ్మాను.

మంట ఆరిపోయింది. పెద్దాయన పళ్ళెంలోకి తీసి, ఎవరి ముందు పెట్టాలో తెలియక మధ్యలో పెట్టారు. ఈయన దాన్ని నా వైపు జరిపారు.

"నువ్వు తిను. నాకొద్దు. నేను చూస్తాను."

చెంచా తీశాను. అలవాటు చొప్పున ముందు ముక్కు దగ్గరకే వెళ్ళింది.

"చూడు చూడు" అన్నారు. "రోజూ చూసేదేగా."

"నేనెప్పుడు చూశానండీ?"

"నువ్వు చూసుకుంటావనేగా గ్లాసు కడక్కుండా పెడుతున్నాను."

పిట్టగోడ మీద గ్లాసు. మంచం పక్కన గ్లాసు. ఫ్యాక్టరీ నుంచి పట్టుకొచ్చే స్టీలు గ్లాసు. బద్ధకం, రాజరికం, నడుం వంగదు అని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ తోమాను. రోజుకో సాక్ష్యం తెచ్చి నా ముందు పెడుతున్నారని ఒక్కనాడు తట్టలేదు. దాచుకోడానికి కడిగిన మనిషి, చూపించడానికి కడగడం మానేశారు. నేను నోరు విప్పి అడగలేదు. ఆయన నోరు విప్పి చెప్పలేదు. ఇద్దరం గ్లాసు అడ్డం పెట్టుకుని ఇన్ని నెలలు కాపరం చేశాం.

ఏడుపొచ్చింది. అందరిముందూ ఏడవడం ఇష్టం లేక గబుక్కున తినేశాను.

తిన్నానా? అయ్యో, బాగుంది. నిజంగా బాగుంది. అరటిపండు వెన్నలా కరిగిపోయింది. మాడీమాడని పంచదార చిరుచేదు, పైన కమలాపండు పులుపు. వాటన్నిటి అడుగునా గొంతులో వెచ్చగా ఆ దిక్కుమాలిన వాసన. తిట్టుకుంటూనే రెండో చెంచా తీశాను. నా పచ్చటి సంసారాన్ని కాల్చినది ఇంత రుచిగా ఉండడానికి వీల్లేదు. కోపమొచ్చింది, ఆ కోపంతో మూడో చెంచా.

"ఎలా ఉంది?" అన్నారు.

బాగోలేదని చెబుదామనుకున్నాను. తెలీదు అని చెప్పిన మనిషితో అబద్ధమాడబుద్ధి కాలేదు.

"బాగుందండీ."

"బాగుంటుంది మరి" అని నవ్వారు. "బాగోకపోతే ఇంత గొడవెందుకు?"

నేనూ నవ్వాను. పళ్ళెం అంచున మిగిలిన పాకం కూడా గీకి తిన్నాను. అప్పటి ముసలావిడ ఏం తిన్నదో ఇన్నేళ్ళకి తెలిసింది. ఆయన వేడిపాలు తెప్పించుకుని, నేను తింటుంటే చూస్తూ కూర్చున్నారు. ఆ చూపులో ఆశ ఉందా అని వెతికాను. ఉంది. రవ్వంత ఉంది. ఉన్నా చెయ్యి చాపలేదు.

గదికి వస్తుంటే అడిగాను. "నన్నెందుకండీ ఇంత భయపెట్టారు?"

"నువ్వు భయపడని రోజేది?" అన్నారు. "ఇంట్లో ఎక్కడో ఉందేమోనని నువ్వు వెతుకుతూ ఉంటావు. ఎక్కడా ఎదురుపడకూడదని నేను తప్పుకు తిరుగుతూ ఉంటాను. ఓసారి ఇద్దరి ఎదురుగా వెలిగి, ఇద్దరి ఎదురుగా ఆరిపోతే చూద్దామనిపించింది."

"మీ చెయ్యి వెళ్ళి ఉంటే?"

"నువ్వున్నావుగా, చెంచాతో కొట్టేదానివి."

కొట్టేదాన్నే.

ఒక్కటే మిగిలిపోయింది. ఆయన తీసుకోమన్నారు, నేను హారతి తీసుకోలేదు. వాదించుకుంటూ కూర్చునేసరికి ఆరిపోయింది. పెళ్ళయిన కొత్తలో నేను ఒక్కదాన్నే నవ్వులపాలు కాకుండా ఆయన లేచి నిలబడ్డారు. నిన్న ఆయన ఒక్కరే చేతులు చాచారు, నేను నిలబడలేదు. అది గుచ్చుకుంటోంది.

ఆయన గుర్రుపెట్టారో లేదో తెలీదు. నేనే ముందు నిద్రపోయాను.

డిసెంబరు 14

ఇంటికొచ్చాం. పిట్టగోడ మీద గ్లాసు. వాసన చూశాను. అన్నీ తెలిసి కూడా చూశాను, కుక్కతోక వంకర. మజ్జిగే.

"చూశావా?" అన్నారు గదిలోంచి.

"చూశానండీ" అన్నాను. మొదటిసారి ఒప్పుకున్నాను.

డిసెంబరు 17

సాయంత్రం ఆరవుతుంటే ఫ్యాక్టరీకి వెళ్ళాను. ఫోన్ చెయ్యలేదు, వెళ్ళాను. ఆయన ఐసు దిమ్మలు లారీకెక్కిస్తుంటే పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాను.

"ఏంటిలా వచ్చావు?" అన్నారు.

"ఆరవుతోంది కదండీ. పంపించేటప్పుడు ఇద్దరముంటే మంచిది" అన్నాను.

చంద్రరావు లోడు పంపించడం గురించి అనుకున్నాడు. "మేం ఉన్నాం కదండమ్మగారూ" అన్నాడు.

డిసెంబరు 19

వెళ్ళాను. చలిగా ఉంది. ఏడయింది, ఇంటికొచ్చాం.

డిసెంబరు 23

ఈ రోజు ఫ్యాక్టరీకి వెళ్ళడం కుదరలేదు, మంజుష వచ్చింది. ఆయన ఎనిమిదింటికి వచ్చారు. మంజుషకి పరమాన్నం పెట్టాను, యాలకులేసి. ఆమె వెళ్ళాక అంట్లన్నీ తోమి బోర్లించి, చేతులు తుడుచుకుని, దీపం తీసి పడుకున్నాను. కళ్ళు మూసుకున్నాక గుర్తొచ్చింది, వాటిలో ఆయన గ్లాసు కూడా ఉందని. వాసన చూడకుండానే కడిగేశాను.